చిరుగుల చాప

"నాలుగింటి విమానానికి వీణ్ణి తీసుకుపోతున్నాను. మీరు ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోయినా తీసుకుపోతాను," అన్నాడు లిసియాతె.

తోంగా రాజధాని నుంచి నిన్న రాత్రి దిగిన ఇన్‌స్పెక్టర్ అతను. కెలెపి కంటే వయసులో చాలా చిన్న, హోదాలో ఒక మెట్టు పెద్ద. వావావు దీవి ఠాణాలోనే తల నెరిసిన కెలెపి బల్ల మీద పరిచిన బట్టల్ని చూస్తున్నాడు. అవి సెమిసివి. నడుముకు చుట్టుకునే గుడ్డ ఒడి భాగంలో నెత్తురు ఎండి నల్లబడింది. చొక్కా ఎడమ చేతి మడత దగ్గర ఇంకో మరక. ఛాతీ మీద ఒక్క చుక్క కూడా లేదు.

బట్టల తాలూకు మనిషి ఎదురుగా బెంచీ మీద బేడీలతో కూర్చున్నాడు. సినిమా వాళ్ళ కోసం జంట పడవకు తాళ్ళు పేనే పని అతనిది.

"సెమిసీ, ఇంకొక్కసారి చెప్పు," అన్నాడు కెలెపి.

"ఎన్నిసార్లని చెప్పను బాబాయ్? పీచు అయిపోతే షెడ్డులోకి వెళ్ళాను. పదకొండున్నర అయుంటుంది. కలొలైనె గారు కింద పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పటికే చల్లబడిపోయింది."

"ఆవిడ మీద ఏమైనా కప్పి ఉందా?"

"తెరచాప గుడ్డ. మెడ దాకా కప్పి ఉంది. తల మాత్రం ఉత్త ఇసుకలో ఉంది బాబాయ్. అంతటి మనిషి తల అలా ఇసుకలో చూడలేకపోయాను."

"అంతకుముందు నువ్వెక్కడున్నావు?"

"తొమ్మిదిన్నర నుంచీ షెడ్డు పక్కనే, చెట్టు కింద. పీచు పేనుకుంటున్నాను. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు."

"ఏమీ వినపడలేదా?"

"లేదు. మధ్యలో షెడ్డు వైపు నుంచి ఏదో పక్షి రెండుమూడుసార్లు కూసింది. అంతే."

లిసియాతె నవ్వాడు. "బాగుంది. ఆ పక్షిని సాక్షిగా పిలుద్దామా? పక్కనే కూర్చున్నవాడికి హత్య వినపడలేదు గానీ పక్షి కూత వినపడిందట. మొన్న సాయంత్రం కావా తాగే పందిట్లో అందరి ముందూ అరిచింది మాత్రం ఊరంతా వింది. 'ఆ కలొలైనె ఇంటివాళ్ళని ఒక్కొక్కరినీ నీళ్ళలో ముంచుతా' అన్నావా, లేదా?"

"అన్నాను," అన్నాడు సెమిసి. "అనక ఏం చేయమంటారు? మా నాన్న సముద్రంలో పోయేటప్పటికి నేను కడుపులో ఉన్నాను. తుఫానులో కొట్టుకుపోయాడు, ఎవరి తప్పూ లేదు అని నలభై ఏళ్ళుగా చెప్పారు. ప్రతి ఆదివారం ఆ మాట మీదే ప్రార్థన చేశాను. మొన్న ఆవిడ మా ఇంటికొచ్చి కూర్చుని, అది సగమే నిజం నాయనా అంది. పోయాడనుకుని పడవలో చివరి ప్రార్థన కూడా చేశారట. ఆ తరవాత చీకట్లో కేక వినపడిందట. కెప్టెన్ పడవ తిప్పలేదట. అది విని పాట పాడమంటారా?"

ఆ ప్రయాణం గురించి తెలియనివాళ్ళు ఆ దీవిలో లేరు. దిక్సూచి లేకుండా, పాత పాటల్లో పేరు మాత్రమే మిగిలిన దీవిని వెతుక్కుంటూ ఏడుగురు జంట పడవలో వెళ్ళారు. దీవిని కనుక్కున్నారు. ఆరుగురే తిరిగొచ్చారు. కెప్టెన్ మాఫి పేరు బడి పుస్తకాల్లోకి ఎక్కింది. రాని ఏడో మనిషి ఉహిలా, సెమిసి తండ్రి. ఇప్పుడు ఆ కథనే సినిమా తీస్తున్నారు. మాఫి వేషం అతని కొడుకు ఫొలావు వేస్తున్నాడు. చనిపోయిన కలొలైనె మాఫికి చెల్లెలు.

"ఆవిడకి ఎవరు చెప్పారట?" అని అడిగాడు కెలెపి.

"చచ్చిపోయేముందు అన్నే చెప్పాడట. ఆ కేక సినిమాలో ఉండాలి, లేకపోతే తియ్యనే కూడదు అంది. నీకు చెప్పకుండా లోకానికి చెప్పడం తప్పు గనక ముందు నీ దగ్గరికొచ్చాను అంది. నేను అరిచాను నిజమే. రాత్రంతా ఆలోచించాక ఆవిడ మీద కోపం పోయింది బాబాయ్. మొత్తం కుటుంబంలో నాకు నిజం చెప్పింది ఆవిడొక్కతే కదా."

లిసియాతె కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "లెక్క తేలికే, అన్నగారూ. ఆవిడ ప్రాణం పోయింది పదికీ పదకొండుకీ మధ్య అని డాక్టరు చెప్పాడు. తొమ్మిది నుంచి పదకొండు దాకా సినిమా వాళ్ళంతా, ఊళ్ళో సగం మందీ కెమెరా ముందున్నారు. ఫొలావుతో సహా. విడిగా ఉన్నవాడు వీడొక్కడే. కోపం వీడిదే, నెత్తురు వీడి బట్టల మీదే. ఇంకేం కావాలి?"

"షెడ్డు ఇంకోసారి చూడాలి."

"మీ తృప్తి కోసం వస్తాను. నాలుగింటి దాకానే."

* * *

షెడ్డు గుమ్మం దగ్గర కెలెపి చెప్పులు విడిచి, తల వంచి రెండు నిమిషాలు నిలబడ్డాడు. ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పే మనిషి. చావు జరిగిన చోటికి ప్రార్థన లేకుండా వెళ్ళడు.

"దేవుడు పేరేమైనా చెబితే చెప్పండి, రాసుకుంటాను," అన్నాడు లిసియాతె వెనక నుంచి.

"చెప్పడు. నన్నే వెతుక్కోమంటాడు. ఎందుకో నాకూ తెలీదు."

లోపల కొత్త పడవ దూలం ఒకటి తల ఎత్తున బయటికి పొడుచుకుని ఉంది. దాని కొసన నెత్తురు, రెండు నెరిసిన వెంట్రుకలు. కెలెపి దూలం ముందు నిలబడి చూశాడు. ఎవరైనా కర్రతో కొట్టిన దెబ్బ కాదిది. వెనక్కి తూలిన మనిషి తల దీనికి తగిలింది.

"తోసేశాడు," అన్నాడు లిసియాతె. "తోసినా హత్యే."

"తోసినవాడే కప్పాడంటావా?"

"ఇంకెవరు?"

"తెరచాపలు ఎక్కడున్నాయో చూడు."

లిసియాతె చుట్టూ చూశాడు. తెరచాప గుడ్డలు షెడ్డు అవతలి చివర, అటక మీద ఉన్నాయి. నిచ్చెన వేసుకుని తియ్యాలి.

కెలెపి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కలొలైనె పడిన చోటుకి రెండు అడుగుల దూరంలో ఇసుక చదునుగా, గట్టిగా ఉంది. దాని మీద మోటు అల్లిక అచ్చు గళ్ళుగళ్ళుగా పడింది.

"ఇక్కడ ఒక చాప ఉండేది. సెమిసి దీని మీద కూర్చుని పనిచేస్తాడు. అంచులన్నీ చిరిగిపోయిన పాత చాప. పోయినవారం నేనూ దాని మీదే కూర్చుని కొబ్బరినీళ్ళు తాగాను. ఇప్పుడది లేదు."

"పాత చాప పోతే పోలీసు ఫిర్యాదా?"

"ఆలోచించు, లిసియాతె. శవాన్ని కప్పాలి. చాప చేతికందే దూరంలో ఉంది. దాన్ని కప్పలేదు. అంత దూరం వెళ్ళి, నిచ్చెనెక్కి, గుడ్డ తెచ్చి కప్పాడు. అయినా చాప మాయమైంది. అంటే ఆ చాపతో అతనికి వేరే పనుంది."

లిసియాతె ఈసారి వెంటనే నవ్వలేదు.

"ఇంకోటి. పాదాల దగ్గర నుంచి మడతలు సరిచేసి మరీ కప్పాడు. భయపడ్డవాడు అంత ఓపిగ్గా కప్పడు, పారిపోతాడు. ఇతనికి ఆవిడంటే గౌరవం. అయినా తల కింద గుప్పెడు పీచు కూడా పెట్టలేదు. సెమిసి రాగానే చేసిన మొదటి పని తల ఎత్తడం. బట్టల మీద ఆ నెత్తురు దానిదే. ఇతను మాత్రం తల జోలికే పోలేదు."

"అసహ్యం వేసుంటుంది."

"మన ఇళ్ళలో మేనత్త తల ముట్టుకోకూడదని నీకు వేరే చెప్పాలా?" అన్నాడు కెలెపి మెల్లగా.

లిసియాతె మొహం తిప్పుకున్నాడు. "వందమంది ఫొలావుని చూశారు, అన్నగారూ. కెమెరా చూసింది. మీ దగ్గరున్నది ఇసుక మీద గళ్ళు."

"అయితే కెమెరానే అడుగుదాం."

* * *

సినిమా డైరెక్టర్ ఎసెత గుడారంలో తల పట్టుకుని కూర్చుని ఉంది. తోంగా పిల్లే, ఆక్లాండ్‌లో పుట్టి పెరిగింది.

"ఇంకెన్ని రోజులు ఆపుతారు సార్? పడవ అద్దె రోజువారీ. మనుషులు ఊరికే కూర్చుని తింటున్నారు."

"ఒక మనిషి పోయిందమ్మా."

ఆమె తల దించుకుంది. "తప్పుగా అనుకోకండి. కలొలైనె గారు మొన్న రాత్రే నాతో ఏదో మాట్లాడాలన్నారు, నిన్న షూటింగ్ అయ్యాక వింటానన్నాను. నేను వినలేకపోయాను. అదే గుచ్చుకుంటోంది."

"నిన్న పొద్దున తీసింది చూపిస్తావా?"

ఆమె పెట్టె తెరిచి బొమ్మ నడిపింది. పడవ రేవుకు వస్తోంది. ఒడ్డున ఊరి జనం నల్లబట్టలతో, నడుముకి చాపలతో నిలబడ్డారు. పోయిన మనిషి కోసం సినిమాలో వాళ్ళు పట్టే మైల అది. అందరివీ పొందికైన చిన్న చాపలు. పడవ ఆగింది. ముందుగా ఫొలావు దిగాడు. తండ్రి లాగే గడ్డం, తండ్రి లాగే జుట్టు ముడి. నీళ్ళలోంచి నడిచి వచ్చి ఒడ్డున మోకాళ్ళ మీద పడిపోయాడు. నుదురు ఇసుకకి ఆనించాడు. ఎంతసేపటికీ లేవలేదు.

"ఇది కథలో లేదు," అంది ఎసెత. "కెప్టెన్ నిటారుగా నిలబడి పోయినవాడి పేరు చెప్పాలి, అంతే రాసుకున్నాం. ఇతను ఇలా పడిపోయాడు. మా వాళ్ళంతా ఏడ్చేశారు. ఇంకోసారి తియ్యక్కర్లేదన్నాను. పాత్రలోకి వెళ్ళిపోయాడనుకున్నాను."

"అక్కడ ఆపమ్మా."

బొమ్మ ఆగింది. ఫొలావు ఒంటికి చంకల దాకా చుట్టి ఉంది ఒక పెద్ద మోటు చాప. అంచులు పోగులు పోగులుగా వేలాడుతున్నాయి. కొస నీళ్ళలో ఈడుస్తోంది.

"ఈ చాప మీరిచ్చిందేనా?"

"కాదు. బట్టలు చూసే ఫూసి అతనికి సన్న అల్లిక చాప తీసిపెట్టింది. ఇతను ఎక్కణ్ణించో దీన్ని కట్టుకొచ్చాడు. ఫూసి గొడవ పెట్టింది, ఇది తప్పు తప్పు అని. నాకు చాప చాపే సార్. తెర మీద బాగుంది కదా, పోనీ అన్నాను."

"ఇది తీసింది ఎన్నింటికి?"

"తొమ్మిదికి. కింద టైము పడుతుంది, చూడండి."

కెలెపి లిసియాతె వైపు తిరిగాడు. అతను తెర మీదనుంచి కళ్ళు తిప్పడం లేదు. అతనూ ఈ దీవుల్లోనే పుట్టాడు. ఎవరికి ఎంత చాప కట్టాలో తల్లి ఒళ్ళో నేర్చుకున్నాడు. పడవలో తోటివాడు పోతే చిన్న చాప. మనకంటే కింది వరుసవాళ్ళు పోతే మంచి చాప. పోయినవాళ్ళు ఎంత పైవాళ్ళైతే మనం అంత పెద్ద చాపలో, అంత చిరిగిన చాపలో మునిగిపోవాలి. మగాడికి తండ్రి చెల్లెలి కంటే పైవాళ్ళు ఈ భూమ్మీద లేరు.

"అది మేనత్తకి కట్టే చాప," అన్నాడు లిసియాతె. గొంతులో వెటకారం లేదు. వెంటనే తల విదిలించాడు. "కానీ కుదరదు, అన్నగారూ. మీ లెక్కే మిమ్మల్ని పట్టుకుంటుంది. ఆవిడ పోయింది పది దాటాక. ఇతను తొమ్మిదికే మైల చాప ఎలా కడతాడు? బతికున్న మనిషికి ఎవరైనా కడతారా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా కెలెపికి తట్టలేదు.

అక్కడే నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. లిసియాతె కూడా దగ్గరికి వచ్చి చెవి ఒగ్గాడు.

"డాక్టరు గారూ, ఒక్కటే అడుగుతాను. దెబ్బ తగలగానే ప్రాణం పోయిందా?"

"లేదు. నేనలా చెప్పలేదే," అన్నాడు డాక్టరు. "లోపల నెత్తురు మెల్లగా చేరింది. గంటన్నర, రెండు గంటలు పట్టుంటుంది. మొదట స్పృహ ఉండకపోవచ్చు. మధ్యలో కాస్త తెలివి వచ్చినా రావచ్చు. ఆ లోపు ఎవరైనా ఇక్కడికి తీసుకొచ్చుంటే..."

గుడారం బయట లిసియాతె టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "విమానం సంగతి తరవాత చూద్దాం. పదండి," అన్నాడు.

* * *

కలొలైనె ఇంటి ముందు గదిలో మెత్తని తెల్లచాపల మీద ఆమెను పడుకోబెట్టారు. చుట్టూ కూర్చోవలసినవాళ్ళు కూర్చుని కీర్తన పాడుతున్నారు. కెలెపి అక్కడ తల వంచి దణ్ణం పెట్టి, ఇంటి చుట్టూ తిరిగి వెనక్కి నడిచాడు. ఫొలావు ముందు గదిలో ఉండడని తెలుసు. మేనత్త చావులో అతని చోటు పొయ్యిల దగ్గరే.

పొగలో అతను పెండలం దుంపలు చెక్కు తీస్తున్నాడు. మైల కోసం జుట్టు ముడి కత్తిరించేశారు. ఆ చాపే ఒంటి మీద ఉంది.

"బాబాయ్, కూర్చో. అన్నం వేళకి వచ్చావు," అన్నాడు.

కెలెపి అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు. లిసియాతె గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఈ చాప ఎప్పుడు కట్టుకున్నావురా?"

"కబురు తెలిశాక."

"తెలిసింది మధ్యాహ్నం. పొద్దున తొమ్మిదికి పడవ దిగినప్పుడు ఎవరి కోసం కట్టుకున్నావు?"

కత్తి ఆగింది. ఫొలావు చేతిలోని దుంపను జాగ్రత్తగా బుట్టలో పెట్టాడు. చాప పోగుల్ని సర్దుకున్నాడు.

"షెడ్డుకి రమ్మని అత్తే పిలిచింది. ఎనిమిదిన్నరకి. నాన్న సంగతి చెప్పింది. కేక వినపడగానే అందరూ పడవ తిప్పుదాం అన్నారట. నాన్న 'అది పక్షి' అన్నాడట. మళ్ళీ వినపడితే మళ్ళీ 'పక్షి' అన్నాడట. తిండి అయిపోయింది, గాలి మళ్ళితే ఏడుగురూ పోతారని ఆయన భయం. 'మీ నాన్న వేషం నువ్వే వేస్తున్నావు. ఆ మాట నీ నోటితోనే అను. ఆయన బరువు దిగుతుంది' అంది. నేను కాళ్ళు పట్టుకున్నాను. వద్దు అత్తా, నాన్న ఉన్నది ఆ పేరు మీదే అన్నాను. డైరెక్టర్ దగ్గరికి పోతానని లేచింది. చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోకూడదు, తెలుసు. విదిలించుకుంది. వెనక దూలం ఉంది."

"ఊపిరి ఉందో లేదో చూశావా?"

"పిలిచాను. ఎన్నోసార్లు పిలిచాను. పలకలేదు, కదల్లేదు."

"దగ్గరికెళ్ళి చూశావా?"

"ఎలా చూస్తాను బాబాయ్?" అన్నాడు ఫొలావు. నిజంగానే అర్థంకానట్టు అడిగాడు. "మొహం దగ్గర చెయ్యి పెట్టాలిగా. మేనత్త తల. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ కూర్చున్న చోట నేను నిలబడలేదు. ఎలా ముట్టుకుంటాను?"

కెలెపి కళ్ళు మూసుకున్నాడు. పెద్దల తలను గౌరవించమని తనూ పిల్లలకు నేర్పాడు. మొన్న ఆదివారం కూడా అదే చెప్పాడు. ఊపిరి చూడొద్దని ఏ పెద్దా చెప్పలేదు కదా ప్రభూ. మరి ఆ తేడా మేం ఎక్కడ నేర్పాం?

"ఎవరికీ చెప్పకుండా ఉండగలిగావు. సెమిసికి బేడీలు పడినా ఉండగలిగావు. చాప కట్టకుండా మాత్రం ఉండలేకపోయావు."

"ఆవిడ అక్కడ పడి ఉంటే సన్న చాప కట్టుకుని ఆ ఒడ్డున ఎలా దిగను?" ఫొలావు చేతులు చాచి బేడీల కోసం ముందుకు పెట్టాడు. "సెమిసిని వదిలెయ్యండి. వాడికీ వాడి నాన్నకీ మా ఇంటివాళ్ళం చేసింది చాలు. ఒక్క మాట చెప్పు బాబాయ్. బాధపడలేదు కదా? అక్కడికక్కడే పోయింది కదా?"

గుమ్మం దగ్గర లిసియాతె కదిలాడు. వద్దు, చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. రాజధాని నుంచి వచ్చిన ఆ కటువైన మొహంలో కెలెపికి మొదటిసారి జాలి కనిపించింది. ఒక్క మాటతో తేలికైపోతుంది. మాఫి కూడా ఒక్క మాటే అన్నాడు.

"లేదు, ఫొలావు. నువ్వు ఈ చాప కట్టుకున్నప్పుడు ఆవిడ బతికే ఉంది. గంట పైన ఉంది."

ఫొలావు ఏడవలేదు. చాప ముడి మీద చెయ్యి వేశాడు, విప్పెయ్యాలన్నట్టు. ముందు గదిలో కీర్తన కొత్త చరణం అందుకుంది. ఆ పాట ఎవరి కోసమో గుర్తొచ్చి చెయ్యి తీసేశాడు.

"తెలివొచ్చిందా?" అని అడిగాడు. "కేక వేసిందా? అంతసేపు ఉంటే పిలిచే ఉంటుంది. ఎవరికీ వినపడలేదా బాబాయ్?"

కెలెపికి పొద్దున ఠాణాలో సెమిసి చెప్పిన పక్షి కూత గుర్తొచ్చింది. తల ఎత్తి లిసియాతె వైపు చూశాడు. సాక్షిగా పిలుద్దామా అని నవ్విన మనిషి గోడకి ఆనుకుని టోపీని నలుపుతున్నాడు. అతనికీ గుర్తొచ్చింది.

ఇద్దరూ ఫొలావుని తీసుకుని పొగలోంచి బయటికి వచ్చారు. ఠాణాలో బెంచీ మీద సెమిసి ఎదురుచూస్తుంటాడు. బేడీలు తీసి, నీ తప్పేమీ లేదు, ఇంటికి పో అని చెప్పాలి. ఆవిడ ఎప్పుడు పోయిందని అతను తప్పకుండా అడుగుతాడు.